ఆలూరు పెట్టెలో లేని కార్డు

డాక్టర్ హంపారెడ్డి గారు పోయారని నాకు బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. మనిషి ఎవరూ చెప్పలేదు. బుధవారం పొద్దున పేపరు కొనడానికి పోయి తలెత్తి చూస్తే ఆయన ఫోటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద 'అశ్రునివాళి' అని అక్షరాలు. ఆ ఫోటో మరెవరిదో అనుకుంటూ కాసేపు నిలబడిపోయాను. సోమవారం సాయంత్రమే ఆయన నాతో పోట్లాడారు. "బుధవారం రాప్పా, కూచోని మాట్లాడుకుందాం, జవాబిస్తా" అన్నారు. ఆ జవాబు కోసమే నేను ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాను. మంగళవారం పొద్దున్నే గుండెనొప్పి వచ్చిందట, కర్నూలుకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట, ఆ సాయంత్రమే వాళ్ళ చేనులో మట్టి చేశారట. ఇన్నిసార్లు 'అట' అని రాయవలసి రావడమే నా మొదటి బాధ. ఏడేళ్ళుగా వారానికి నాలుగు రోజులు ఆయన దంతవైద్యశాలలో కూర్చున్నవాణ్ణి నేను. ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి. నాకు రాలేదు. చివరిచూపు దక్కలేదు.

తరువాత జరిగిన సంతాప సభలో చాలామంది మాట్లాడారు. ఉచిత శిబిరాల గురించి, ఆయన దానగుణం గురించి, ఆయన పెళ్ళిళ్ళలో చదివించిన కట్నాల గురించి కూడా చెప్పారు. వైద్యశాలలోని రోగుల కార్డుల మాట ఒక్కరూ ఎత్తలేదు. నేను రెండుసార్లు వేదిక దగ్గరికి పోయి మైకు అడిగాను. "టైం లేదు సార్, భోజనాలు చల్లారిపోతాండాయి" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను మరచిపోయే మనిషిని కానని ఆలూరులో అందరికీ తెలుసు. కరెంటాఫీసు, బస్సు డిపో, బ్యాంకు, పంచాయతీ, నా ఫిర్యాదు అందని కార్యాలయం ఈ ఊళ్ళో లేదు. ప్రతి ఫిర్యాదుకూ కార్బన్ నకలు నా బీరువాలో భద్రంగా ఉంది.

మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే కుటుంబం. నేను సహకార శాఖలో ఆడిట్ ఉద్యోగం చేస్తూ, నా భార్య నాగరత్న పుట్టిల్లు ఆలూరు కావడంతో ఇక్కడే స్థిరపడ్డాను. ఆమెకు ఆకూ వక్కతో పొగాకు నమిలే అలవాటు ఉండేది. ఒకసారి పన్ను నొప్పి అంటే హంపారెడ్డి గారి దగ్గరికి ఒక్కతే పోయి పీకించుకుని వచ్చింది. "పీకినాడు, అయిపాయ" అని మాత్రం చెప్పింది. ఏడాది తిరిగేసరికి నోట్లో పుండు. కర్నూలు డాక్టర్లు చూసి, ఇది ముందు తెల్లమచ్చగా కనపడి ఉండాలే, నోరు చూసినవాళ్ళు ఎవరూ చెప్పలేదా అని అడిగారు. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలలేదు. ఆమె పోయిన నెలకు నేను ఫిర్యాదు కాగితం రాసుకుని హంపారెడ్డి గారి ముందు నిలబడ్డాను.

"మా ఇంటామె నోరు మీరు చూసినారా లేదా?" అన్నాను.

"చూసినానప్పా. పన్ను పీకినా."

"మచ్చ కనపడిందా, లేదా?"

ఆయన చేతికున్న రబ్బరు తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీశారు. "కార్డు చూడాల" అని లోపలికి పోయారు. చాలాసేపటికి వచ్చారు. "కార్డు కనపడల్యా."

"కనపడకపోవడమంటే ఏంది?"

"లేదప్పా. ఈడ కార్డులు శానా ఉండాయి, ఒగటీ ఉండాల్సిన తావులో లేదు. తప్పు నాదే అనుకో."

"అనుకోవడం కాదు, రాసియ్యండి."

"కార్డు లేకుండ ఏమని రాసిచ్చేది?" అని ఆయన నా చేతిలో ఉన్న కాగితం కేసి చూశారు. నేను ఉద్యోగంలో వాడే ఆకుపచ్చ సిరాతో రాసిన కాగితం అది. "నువ్వు ఆడిట్ చేసినోనివి గదా. నా కార్డులు ఆడిట్ చెయ్యి. ఇంగొకరికి ఇట్ల కాకుండ చూడు."

భార్యను పోగొట్టుకున్న మనిషికి పని ఇస్తానంటాడా అని నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఈ రోజుకీ మరవలేదు. కానీ ఇంటికి వచ్చి ఆలోచించాను. ఆధారం లేకుండా నేను ఉద్యోగంలో ఏనాడూ ఆక్షేపణ రాయలేదు. ఆమె కార్డు దొరికితే ఈ డాక్టరు మచ్చను చూశాడో లేదో తేలిపోతుంది. చూసి చెప్పలేదని తేలితే వదిలేది లేదు. ఆ కార్డు ఆ గదిలోనే ఎక్కడో ఉండాలి. ఆ గదిలోకి పోవాలంటే ఆ పని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను.

మొదటి రోజు నాకు కుర్చీ ఇవ్వలేదు. చెప్పులు విడిచే చోట ఉండే రేకు స్టూలు తెచ్చి వేశారు. రోగుల ముందే "ఆడిటప్పా, మొదులుపెట్టు" అన్నారు. అందరూ నవ్వారు. అప్పటినుంచి ఊరంతా నన్ను ఆడిటప్పా అనే పిలుస్తోంది. మూడు నెలల తరువాత కుర్చీ వచ్చింది. ఒక చెయ్యి విరిగిన కుర్చీ.

కార్డులన్నీ చెప్పుల డబ్బాల్లో ఉండేవి. వాటిని చూసుకునేది ఖాజాబీ. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ నర్సూ, గుమాస్తా, తాళంచెవులూ అన్నీ ఆమే. డబ్బాల మీద మనుషుల పేర్లు లేవు, ఊళ్ళ పేర్లున్నాయి. అకారాది క్రమం ఎందుకు లేదని నేను కేకలేశాను. "పేరు పట్టుకోని ఏం చేస్తారు సారూ? ఒక్క డబ్బాలోనే పదిమంది ఈరమ్మలు ఉండారు. ఊరు అడగాల, నంబరు చూడాల" అంది. ఆమె చెప్పిందే సరైనదని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. ఆమెకు అలా చెప్పలేదు. ఆలూరు పేరున్న పెట్టెలో ఒక నంబరు ఖాళీగా ఉంది. ముందరి కార్డూ తరువాతి కార్డూ నాగరత్న పన్ను పీకించుకున్న రోజువే. ఆ ఖాళీలో నేను ఒక అట్ట ముక్క పెట్టాను. 'కార్డు లేదు. డాక్టరు గారు జవాబు చెప్పవలెను' అని రాశాను. ఏటా కార్డుల పరిశీలన ముగిసిన రోజు దాన్ని ఆయన ముందు పెట్టేవాణ్ణి. ఆయన చదివి, కింద పొట్టి సంతకం చేసి, మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేవారు. ఆ మౌనాన్ని నేను పొగరు అనుకున్నాను.

వైద్యశాల అప్పటికే మూతపడే స్థితిలో ఉంది. రోగుల్ని పడుకోబెట్టే కొత్త డెంటల్ కుర్చీ కోసం తీసుకున్న బ్యాంకు అప్పుకు వాయిదాలు తప్పుతున్నాయి. రోగులు లేక కాదు, పొద్దున్నుంచి వరండా నిండా మనుషులే. కార్డులు పేర్చి చూస్తే సంగతి తెలిసింది. పన్ను లోపల నరం తీసి శుభ్రం చేసే వైద్యానికి మూడుసార్లు రావాలి, డబ్బు చివరిసారికి ఇస్తారు. కుప్పలు కుప్పలుగా కార్డుల్లో మొదటిసారి ఉంది, రెండోసారి లేదు. సగంలో ఆగిన పళ్ళు అవి. నొప్పి తగ్గితే ఎవడొస్తాడని డాక్టరు గారన్నారు. మీ మొహం చూస్తే మళ్ళీ రాబుద్ధి కాదని నేనన్నాను. ఇద్దరం వాదులాడుకుంటుంటే ఖాజాబీ గుడ్డలు ఉడికించే గిన్నె దించి వచ్చింది.

"తారీకులు చూడండి సారూ. అందరూ పంటలు ఎత్తినంకనే వచ్చిండారు. వచ్చి, సుగ్గికి పోయిండారు."

మా ప్రాంతంలో సుగ్గి అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉండరు. వాన మోసం చేసిన ఏడు ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో లారీలెక్కి, గుంటూరు వైపు పత్తికీ మిరపకాయల కోతకూ పోయి, ఉగాదికి తిరిగొస్తారు. పోయేముందు నొప్పి ఒక్కటి తగ్గించుకుంటే చాలని పళ్ళ డాక్టరు దగ్గరికి వస్తారు. ఆయన పన్ను తెరిచి, మందు పెట్టి, వారానికి రమ్మనేవారు. వారానికి వాళ్ళు ఈ జిల్లాలోనే ఉండరు. ఆలూరులో పుట్టిన డాక్టరు, ఆలూరులో ఉన్న ఆడిటరు, ఇద్దరికీ అది తోచలేదు.

ఉగాది దాటాక ఈరమ్మ అనే ఆమె దవడ వాచి వచ్చింది. పోయేముందు సగం వైద్యం చేయించుకున్న మనిషి. పన్ను ఇంక నిలిచేది కాదు, పీకాలి.

"ఏమమ్మా, మల్ల రమ్మంటి గదా?" అన్నారు ఆయన.

"యాడ వచ్చేది సామీ, లారీ ఎక్కేసి ఉంటిమి. ఆడ మిరప ఘాటుకు కండ్లే కనపడవు, పన్ను యాడ చూసుకునేది?"

"పోతాండామని ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు అడిగితివా?" అంది ఆమె, చెంప పట్టుకునే.

ఆయన ఆ రోజు ఆమె దగ్గర ఏమీ తీసుకోలేదు. మర్నాడు కొత్త కార్డులు అచ్చు వేయించారు. పేరుకు కిందనే, నొప్పి ఎక్కడ అనే ప్రశ్నకు కూడా ముందు, 'ఊరు విడిచి ఎప్పుడు పోతారు?' అనే గడి ఉంది. పోయే రోజు దగ్గరలో ఉంటే రోజు మార్చి రోజు పిలిచి లారీ కదిలేలోపు పన్ను మూసి పంపేవారు. కుదరదనుకుంటే తెరిచేవారే కాదు, మందులిచ్చి ఉగాదికి రమ్మనేవారు. "తెరిచిన పన్నును నా చేత్తో మూసేదాక ఆ మనిషి నా మనిషే" అనేవారు. రెండేళ్ళలో బ్యాంకు వాయిదాలు కుదురుకున్నాయి. ఈ గడి ఆలోచన తనదేనని ఆయన మేనల్లుడు సంతాప సభలో చెప్పుకున్నాడు. అతనూ దంతవైద్యుడే, వచ్చి రెండేళ్ళయింది. ఆ గడి ఈరమ్మది. ఆమెను సభకు ఎవరూ పిలవలేదు.

నాకూ ఒక పెద్ద పరాభవం ఆయన చేతిలోనే జరిగింది. మా ప్రాంతంలో ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్ళు తాగి పళ్ళు గోధుమరంగుకు తిరిగినవాళ్ళు ప్రతి పల్లెలో ఉన్నారు. వాళ్ళ కార్డులన్నీ విడిగా కట్టి, వీళ్ళందరి పళ్ళకూ తెల్లటి తొడుగులు వేస్తే వైద్యశాల ఆదాయం నిలబడుతుందని నివేదిక రాసిచ్చాను. ఆయన వరండాలో, అందరూ వింటుండగా, చదివి చించేశారు. "గట్టి పండ్లు అరగదీసి తొడుగులు ఎయ్యాల్నా? అడిగినోళ్ళకు చేస్తా. అడగనోళ్ళకు సిగ్గు నేర్పించను" అన్నారు. పది రోజులు నేను పోలేదు. ఖాజాబీ వచ్చి పిలిస్తే పోయాను. ఆయన క్షమించమని అడగలేదు. నేనూ ఆయన చెప్పింది సరే అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఇక అసలు సంగతి. నాగరత్న కార్డు కోసం ప్రతి డబ్బా వెతుకుతుంటే ఇతరుల కార్డులు దొరకడం మొదలైంది. 'నాలుక పక్కన తెల్లమచ్చ, మళ్ళీ చూడాలి.' 'నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు, గుట్కా.' మళ్ళీ చూసినట్టు లేదు. అటువంటి కార్డు దొరికిన ప్రతిసారీ నేను దాన్ని తీసుకుపోయి ఆయన బల్లమీద కొట్టేవాణ్ణి. "ఒక్క ఫోన్ చేస్తే మనిషి బతుకుతాడు! ఒక్క ఫోన్! మీకు అంత బరువైందా?" అని అరిచేవాణ్ణి. ఖాజాబీ నోరు తెరవబోతే ఆయన చెయ్యెత్తి ఆపేవారు. ఆ చెయ్యి ఎందుకెత్తారో నాకు ఏడేళ్ళు తెలియలేదు. మూడుసార్లు ఫోన్ చేసి తీరాలని నేను నియమం రాశాను. దాని కింద ఆయన తన చేత్తో ఇంకో వాక్యం రాశారు: 'ఫోన్ చేయవద్దని తిట్టినా సరే, ఇంటికి పోవాలి.' పెట్రోలు ఖర్చు ఎవరు భరిస్తారని నేను ఆక్షేపించాను. "నేను" అన్నారు. మధ్యాహ్నాలు మోటారుసైకిల్ మీద పల్లెలకు పోయి, రచ్చకట్టల దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టి టార్చిలైటు వేసి నోళ్ళు చూసి వచ్చేవారు. కొందర్ని కర్నూలుకు పంపి బతికించారు. ఒకరిద్దరి విషయంలో ఆలస్యమైంది. అలాంటి రోజున ఆయన అన్నం తినేవారు కాదు. చేయవలసింది ముందు చేయక ఇప్పుడు ఉపవాసాలెందుకని నేనే అన్నాను. అలా అన్నాను ఆయనతో.

ఆయన పోవడానికి ముందురోజు, ఆ సోమవారం, ఈ ఏటి పరిశీలన ముగిసింది. ఎప్పటిలాగే అట్ట ముక్క ఆయన ముందు పెట్టాను. అది ఇప్పటికి నలిగి, సంతకాలతో నిండిపోయింది. "ఈసారి సంతకం వద్దు, జవాబు కావాల. మీరు చనిపోయినంక ఎవర్ని అడగాల నేను?" అన్నాను. ఆ మాటకు ఆయన కొంచెం నవ్వారు. "ఏమి నోరప్పా నీది" అన్నారు. ఆ తరువాతే బుధవారం రమ్మన్నారు.

సంతాప సభ మర్నాడు నేను వైద్యశాలకు పోయి మేనల్లుణ్ణి నిలదీశాను. నాకెందుకు ఫోన్ చేయలేదన్నాను. అతను వైద్యశాల ఫోన్ తీసి చూపించాడు. "ఈ ఫోన్‌లో ఉన్న పేర్లకంతా నేనే చేసినా సార్. మీ పేరు కాడ ఇట్ల రాసుండాది. ఏం కొట్లాటో ఏమో అని చెయ్యల్యా." తెరమీద నా నంబరుంది. పక్కన పేరు: 'ఎమ్మిగనూరు ఆడిట్ సార్ - ఫోన్ చేయొద్దు.'

ఎవరు రాశారిది, ఎందుకు రాశారని నేను గొంతు పెంచాను. ఖాజాబీ లోపలికి పోయి డాక్టరు గారి బల్ల సొరుగు తెరిచి ఒక కవరు తెచ్చింది. "ఇది మీకు ఇయ్యమని సారు చెప్పల్యా. ఇయ్యొద్దని కూడ చెప్పల్యా" అంది.

నాగరత్న కార్డు అది. హంపారెడ్డి గారి దస్తూరీ: 'కుడి బుగ్గ లోపల తెల్లమచ్చ. పదిహేను రోజులకు తప్పక చూడాలి. ముక్క తీసి పరీక్షకు పంపాలి. భయపడుతోంది, ఆమెకు పూర్తిగా చెప్పలేదు, భర్తతో మాట్లాడాలి.' దాని కింద ఖాజాబీ దస్తూరీలో మూడు తేదీలు, మూడు ఫోన్లు. మూడోదాని పక్కన: 'భర్త ఎత్తినాడు. కోప్పడినాడు. చెప్పనియ్యలేదు.' కార్డుకు గుండుసూదితో ఒక పోస్టుకార్డు గుచ్చి ఉంది. ఆకుపచ్చ సిరా. 'అమ్మగారిని తీసుకురండి అంటూ మాటిమాటికీ ఫోన్ చేసి గిరాకీ వెతుక్కోవడం వైద్యవృత్తికి తగదు. ఇకమీదట మా ఇంటికి ఫోన్ చేయవద్దు. చేసిన యెడల పై అధికారులకు ఫిర్యాదు చేయబడును.' కింద నా సంతకం.

అప్పుడు, రిటైరయ్యే ముందు, నేనొక సొసైటీ ఆడిట్‌లో తలమునకలుగా ఉన్నాను. ఎవరో అమ్మాయి ఫోన్ చేసి విసిగిస్తోందని మాత్రం లీలగా గుర్తు. నాకు జరిగిన ప్రతి అవమానమూ తేదీతో సహా చెప్పగలను. ఇది మాత్రం గుర్తు లేదు. నా ఫిర్యాదులన్నిటికీ నకళ్ళున్నాయి. ఆ పోస్టుకార్డుకు నకలు లేదు.

కార్డు అడుగున, వేరే కలంతో, నేను మొదటిసారి ఫిర్యాదు తెచ్చిన నాటి తేదీ వేసి, ఆయన ఇంకో మూడు వరుసలు రాసుకున్నారు: 'పోస్టుకార్డు చూసి నాకు రోషం వచ్చింది. పోనీలే అనుకున్నాను. వాళ్ళిల్లు నాలుగు వీధుల అవతల. పోలేదు.'

"ఆ పొద్దు సారు ఈ కార్డు పట్టుకోని లోపల శానాసేపు నిలబడినారు" అంది ఖాజాబీ. "ఇచ్చేద్దామా సారూ అంటి. 'ఆయప్ప ఇప్పుడే ఆమెను మట్టి చేసి వచ్చిండాడు, ఖాజాబీ. ఇది చేతిలో పెడితే ఆయప్ప కూడ బతకడు. ఉండనీ. నన్ను తిట్టుకుంటా బతకనీ' అనిరి. ఏటా ఇచ్చేద్దాం అంటారు. ఆ పొద్దు మీరు యాదో ఒగటి కొట్లాడతారు. మల్ల సొరుగులో పెడతారు. ఈసారి బుధవారం ఖాయంగా ఇస్తా అనిరి."

నేను ఇంటికి నడిచి వచ్చాను. నాలుగు వీధులే.

హంపారెడ్డి గారు నాకు చేసిన అవమానాలన్నీ పైన రాశాను. రేకు స్టూలు, విరిగిన కుర్చీ, ఊరందరి నోటా ఆడిటప్పా అనిపించడం, చించేసిన నివేదిక. ఇది వాటన్నిటికన్నా పెద్దది. నన్ను అడగకుండా నా తప్పు కూడా తీసి తన నెత్తిన పెట్టుకున్నారు. నేను మోయలేనని ఆయనే తీర్మానించేశారు. ఆ తీర్మానం సరైనదో కాదో తేల్చుకోవడానికి ఆయన లేరు. ఆలూరులో నాతో సమానంగా పోట్లాడగలిగిన మనిషి ఇంకొకరు లేరు, ఇకమీద ఉండబోరు.

మర్నాడు పోయి విరిగిన కుర్చీలోనే కూర్చున్నాను. కార్డు మీద ఆకుపచ్చ సిరాతో రెండు ఆక్షేపణలు రాశాను. ఒకటి వైద్యుడి మీద: ఇంటికి పోలేదు. ఒకటి భర్త మీద: చెప్పనియ్యలేదు. పక్కన సవరణ రాయవలసిన చోట, ఇక సవరించగలిగింది ఏమీ లేదు కనుక, రెండింటికీ కలిపి అడ్డంగా గీత గీశాను. ఆలూరు పెట్టెలోంచి అట్ట ముక్క తీసి, కార్డును దాని నంబరులో నిలబెట్టాను.

నిన్న హొళగుంద వైపు ఒక పల్లెకు బస్సులో పోయాను. అక్కడొకాయన నాలుక పక్కన మచ్చ ఉన్నట్టు కార్డులో ఉంది, మూడు ఫోన్లకూ తిట్టి పెట్టేశాడు. గడపలోనే నన్ను నిలబెట్టి, "ఏంటికి ఎంటబడతాండావు? దుడ్లకే గదా!" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అన్నీ విన్నాను. ఏదీ రాసుకోలేదు. కార్డులో మాత్రం 'ఇంటికి పోయాము' అని రాశాను. శుక్రవారం మళ్ళీ పోతాను.